బూటకపు జంటలు, నిజమైన ప్రేమలు

కాలేజీలో చదివే పిల్లల సంచులలో పాఠ్యగ్రంథాల నడుమ ఇటీవల ఒక రకపు ఇంగ్లీషు నవల తరచుగా కనబడుతున్నది. దాని అట్ట ముదురు రంగులతో మెరుస్తూ ఉంటుంది. అట్టమీద గీతల బొమ్మలుగా ఒక యువతి, ఒక యువకుడు. ఇద్దరి ముఖాలలోను కొంత చిరాకు, కొంత చిలిపితనం. పెద్దలు దానిని చూచి పెదవి విరుస్తారు. ఉపాధ్యాయులలో కొందరు లాగికొని బల్లమీద పెడతారు. మరికొందరు చూచీ చూడనట్లు పోతారు. లోపల ఏమున్నదో విప్పి చూచే ఓపిక ఉభయులకూ తక్కువే. విప్పి చూచినవారికి మాత్రం ఒక వింత ఎదురవుతుంది. పేర్లు మారుతవి, ఊళ్ళు మారుతవి, వృత్తులు మారుతవి. కాని నవల తరువాత నవలలో కథ ఇంచుమించు ఒక్కటే.

ఒక స్త్రీకి, ఒక పురుషునికి ఏదో అవసరం వచ్చి పడుతుంది. ఆ అవసరం తీరటానికి తాము ప్రేమించుకొంటున్నట్లు లోకం ఎదుట నటించటానికి ఇద్దరూ ఒప్పందం చేసుకొంటారు. షరతులు పెట్టుకొంటారు, గడువు నిర్ణయించుకొంటారు. గడువు తీరేలోగా నటన కాస్తా నిజమై కూర్చుంటుంది. ఇంగ్లీషు పాఠకులు దీనికి 'ఫేక్ డేటింగ్' అని పేరు పెట్టినారు. తెలుగులో చెప్పవలెనంటే ఉత్తుత్తి ప్రేమ, బూటకపు జంట.

ముగింపు మొదటి పుటలోనే తెలిసిపోయే ఈ కథను ఇంతమంది ఇన్నిసార్లు ఎందుకు చదువుతున్నారు? ప్రశ్న చిన్నదిగా కనబడినను, సమాధానం కోసం వెదకినకొద్దీ అది నవలల హద్దు దాటి నేటి యువతరం మనఃస్థితిలోకి, తెలుగు ఇండ్లలోకి కూడ దారి తీస్తుంది.

కథల తీరు

ముందు రెండు మూడు నవలలను పరిశీలించవలెను. అమెరికా రచయిత్రి జెన్నీ హాన్ 2014లో ప్రకటించిన 'టు ఆల్ ది బాయ్స్ ఐ హావ్ లవ్డ్ బిఫోర్' అనే నవలలో లారా జీన్ అనే హైస్కూలు బాలిక తాను మనసుపడిన ఐదుగురు బాలురకు ఉత్తరాలు వ్రాసి, పంపకుండ పెట్టెలో దాచుకొంటుంది. ఒకనాడు ఆ ఉత్తరాలన్నీ టపాలో వెళ్ళిపోతవి. వారిలో ఒకడు ఆమె అక్కకు అంతకుముందు ప్రియుడు. అతని ఎదుట పరువు దక్కించుకోవటానికి, పీటర్ అనే మరొక బాలునితో ప్రేమలో ఉన్నట్లు ఆమె నటిస్తుంది. పీటరుకూ తనను విడిచిన పిల్లను ఉడికించవలసిన పని ఉన్నది. ఇద్దరూ షరతులను కాగితం మీద వ్రాసుకొంటారు. 2018లో ఈ కథ చలనచిత్రమై నెట్‌ఫ్లిక్స్ ద్వారా ప్రపంచమంతటా ఇండ్లలోకి ప్రవేశించినది.

2021లో వెలువడిన 'ది లవ్ హైపోథెసిస్' మరింత ప్రసిద్ధి పొందినది. అలీ హేజెల్‌వుడ్ అనే కలం పేరుతో వ్రాసిన ఈ రచయిత్రి స్వయంగా నాడీశాస్త్ర పరిశోధకురాలు. కథానాయిక ఆలివ్ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జీవశాస్త్ర పరిశోధన చేస్తున్న పేద విద్యార్థిని. ఆమె స్నేహితురాలు ఆన్‌కు, ఆలివ్ ఒకప్పుడు స్నేహం చేసిన యువకునిపై మనసు కలిగినది. స్నేహితురాలు నొచ్చుకొనునేమో అని ఆన్ వెనుదీస్తుంటే, తనకు వేరొకరు దొరికినారని నమ్మించటానికి ఆలివ్ ఎదుటపడిన మొదటి మనిషిని ముద్దు పెట్టుకొంటుంది. ఆ మనిషి ఆడమ్ అనే ఆచార్యుడు, విద్యార్థులకు సింహస్వప్నం. అతనికీ ఒక చిక్కు ఉన్నది. అతడు మరొక సంస్థకు వెళ్ళిపోవునేమో అన్న అనుమానంతో విశ్వవిద్యాలయం అతని పరిశోధన నిధులను నిలిపి ఉంచినది. ఇక్కడ ఒక అనుబంధం ఏర్పడినదని చూపితే ఆ అనుమానం తీరుతుంది. ఇట్లు ఇద్దరి అవసరాలు కలిసినవి. సెప్టెంబరు 29వ తేదీ వరకు గడువు పెట్టుకొన్నారు.

అదే సంవత్సరం ప్రచారంలోకి వచ్చిన ఎలేనా అర్మాస్ నవల 'ది స్పానిష్ లవ్ డిసెప్షన్'లో అవసరం తోబుట్టువు పెళ్ళి. స్పెయినులోని పుట్టింటికి ఒంటరిగా వెళ్ళటానికి మనసొప్పక, న్యూయార్కులో తనతో పని చేసే, తనకు బొత్తిగా గిట్టని ఒక మనిషిని కథానాయిక వెంటబెట్టుకొని పోతుంది.

గమనించవలసినది ఒకటి. ఈ కథలన్నింటిలోను నాయికా నాయకులు సరదాకు అబద్ధమాడరు. ఒంటరిగా నిలబడిన మనిషిని లోకం పూర్తి మనిషిగా లెక్కపెట్టటం లేదు కాబట్టి ఆడతారు. అబద్ధం వారిదే అయినను దానికి గిరాకీ పుట్టించినది లోకం.

పాత విత్తనమే

ఈ ఇతివృత్తం నిన్న మొన్న పుట్టినది కాదు. జార్జెట్ హేయర్ 1953లో వ్రాసిన 'కొటిలియన్' నవలలో కిట్టీ అనే అనాథ బాలిక ఒక నెల రోజులు లండన్ చూడవలెనన్న కోరికతో ఫ్రెడ్డీ అనే అమాయకుడైన యువకునితో ఉత్తుత్తి నిశ్చితార్థం చేసుకొంటుంది. ఆమె మనసు నిజానికి మరొక సొగసుకాని మీద ఉన్నది. కాని చివరకు ఆమె కోరుకొన్నది, ప్రతి చిక్కులోను చడీచప్పుడు లేకుండ సాయపడిన ఫ్రెడ్డీనే. జూలియా క్విన్ 2000లో వ్రాసిన 'ది డ్యూక్ అండ్ ఐ' నవలలోను ఇదే సూత్రం. 2020 డిసెంబరులో 'బ్రిడ్జర్టన్' ధారావాహికగా అది తిరిగి జన్మించినది.

ఇంకా వెనుకకు పోతే షేక్స్పియర్ కనబడతాడు. 'మచ్ అడో అబౌట్ నథింగ్' నాటకంలో ఎప్పుడూ కీచులాడుకొనే బియాట్రిస్, బెనెడిక్కులను స్నేహితులందరూ కూడబలుక్కొని, ఒకరిపై ఒకరికి ప్రేమ ఉన్నదని నమ్మిస్తారు. 2023లో వచ్చిన 'ఎనీవన్ బట్ యూ' అనే చలనచిత్రం ఈ నాటకం ఆధారంగా అల్లినదే. ప్రపంచం మొత్తం మీద సుమారు 22 కోట్ల డాలర్లు వసూలు చేసినది. అందులో ఒక మార్పు ఉన్నది. తమను కలపటానికి పెళ్ళివారందరూ పన్నుతున్న పన్నాగాన్ని నాయికా నాయకులు పసిగట్టి, తామే జంటగా నటించి వారి నోళ్ళు మూయిస్తారు. నాటకంలో లోకం జంటను మోసగించినది. సినిమాలో జంట లోకాన్ని మోసగిస్తున్నది.

ఈ తేడా చాల ముఖ్యమైనది. ప్రణయకథలలోని కపటం మూడు విధాలు. ఒకరు రెండవవారిని ఏమరించటం మొదటిది. చేమకూర వేంకటకవి 'విజయవిలాసం'లో అర్జునుడు కపట సన్న్యాసియై సుభద్ర పరిచర్యలు అందుకొనటం దీనికి తెలుగు పాఠకులందరూ ఎరిగిన ఉదాహరణం. ఇరుగుపొరుగు కలిసి ఆ ఇద్దరినీ ఏమరించటం రెండవది. అది బెనెడిక్కు కథ. ఇద్దరూ కలిసి లోకాన్ని ఏమరించటం మూడవది. మొదటి రెండింటిలోను ప్రేమికుల నడుమనే ఏదో ఒక మరుగు ఉన్నది. మూడవదానిలో లోకానికీ జంటకూ నడుమ అబద్ధం ఉన్నదే గాని, ఆ ఇద్దరి నడుమ లేదు. తాము నటిస్తున్నామన్న సంగతి ఇద్దరికీ తెలుసు. ఊరందరిలోను ఒకరితో ఒకరు నిజం మాట్లాడుకోగలిగినవారు వారిద్దరే.

ఈ కథల ఆకర్షణకు ఆయువుపట్టు ఇక్కడ ఉన్నది. పైకి అబద్ధపు కథగా కనబడేది లోపల ఇద్దరి మధ్య నిజాయితీ కథ.

తెలుగువారి అనుభవం

తెలుగు పాఠకునికి ఇది పరాయి వంటకం కాదు. 1892లో తొలిసారి ప్రదర్శింపబడి, 1909లో విస్తృత రూపం పొందిన 'కన్యాశుల్కం'లో కథ అంతా ఒక బూటకపు పెళ్ళి చుట్టూ తిరుగుతుంది. పసిబిడ్డ సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు అమ్మబోతూ ఉంటే, కరటకశాస్త్రి తన శిష్యుడు మహేశానికి ఆడవేషం వేసి, ఆ ముసలివానికి కట్టబెడతాడు. ప్రేక్షకుడు ఆ మోసాన్ని తప్పు పట్టడు, పగలబడి నవ్వుతాడు. ఎందుకంటే పసిపిల్లను అమ్మే అసలు పెళ్ళి కంటె మగపిల్లవానితో జరిగిన ఆ దొంగపెళ్ళి ధర్మంగా తోస్తుంది. ఆచారం అబద్ధమైనప్పుడు అబద్ధమే దాని గుట్టు విప్పుతుందని గురజాడ ఎరుగును.

1955 జనవరిలో విడుదలైన 'మిస్సమ్మ' చిత్రం ఈ విమర్శకు ప్రణయాన్ని జోడించినది. ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వంలో, ఎన్.టి. రామారావు, సావిత్రి నటించిన ఈ చిత్రానికి బెంగాలీ రచయిత రవీంద్రనాథ్ మైత్ర నాటకం 'మన్మయీ గర్ల్స్ స్కూల్' ఒక ఆధారం. ఒక జమీందారు తప్పిపోయిన తన కుమార్తె పేర పల్లెటూరిలో బడి నడుపుతూ, భార్యాభర్తలైన పట్టభద్రులు ఉపాధ్యాయులుగా కావలెనని పత్రికలో ప్రకటిస్తాడు. చదువున్నా ఉద్యోగం లేని క్రైస్తవ యువతి మేరీ, హిందూ యువకుడు రావు ఆ ఉద్యోగాల కోసం భార్యాభర్తలమని చెప్పుకొని అక్కడ చేరుతారు. నలుగురిలో దాంపత్యం, నాలుగు గోడల నడుమ కీచులాట. ఆ కీచులాటే చూస్తుండగా చనువు అవుతుంది. చనువు వలపు అవుతుంది. నేటి నవలలు ఏ సూత్రం మీద నడుస్తున్నవో అదంతయు ఏడు దశాబ్దాల క్రిందటనే తెలుగువారు థియేటర్లలో కూర్చుండి చూచినారు.

ఈ చిత్రాన్ని వెన్నెల పాటలకు, హాస్యానికి తలచుకొనేవారు దాని ఆరంభాన్ని మరచిపోతారు. పాఠం చెప్పటానికి పట్టా చాలునా, పెళ్ళి కూడ కావలెనా అన్న ప్రశ్న అందులో ఉన్నది. నేటికీ హైదరాబాదులో ఇంటి గుమ్మాల మీద 'కుటుంబాలకు మాత్రమే' అన్న అద్దె బోర్డులు చూచి వెనుదిరిగే యువతీయువకులకు జమీందారు ప్రకటన పాతబడలేదు.

నిరుద్యోగమే ఇటువంటి కథకు మూలమైన ఉదాహరణ జపానులోను ఉన్నది. ఉమినో త్సునమి 2012లో ప్రారంభించిన బొమ్మల నవల 2016లో టెలివిజన్ కథగా ఆ దేశాన్ని ఊపివేసినది. పై చదువు చదివియు ఉద్యోగం దొరకని మికురి అనే యువతి ఒక ఇంజనీరు ఇంట జీతానికి ఇంటిపని చేస్తూ, చివరకు జీతం తీసికొనే భార్యగా ఒప్పందం కుదుర్చుకొంటుంది. ప్రేమ కలిగిన తరువాత అతడు నిజంగా పెండ్లాడుదామని, జీతం ఖర్చు మిగులుతుందని లెక్క చెప్పినప్పుడు ఆమె నివ్వెరపోతుంది. ప్రేమ పేరు చెప్పి వట్టినే పని చేయించుకొనటం అన్యాయం కాదా అని నిలదీస్తుంది. ఇల్లాలి చాకిరీకి విలువ ఎంత అన్న ప్రశ్నను, అసలు పెళ్ళిలో ఎవరూ నోరెత్తి అడగని ప్రశ్నను, ఉత్తుత్తి పెళ్ళి బయటికి లాగినది.

ఆకర్షణకు హేతువులు

ఈ కథలు పాఠకుని కట్టివేసే తీరులో ముఖ్యంగా మూడు విషయాలు కనబడుతవి.

మొదటిది, భయం లేకపోవటం. ప్రేమ నిజంగా మొదలు పెట్టదలచినవాడు పరీక్షకు కూర్చున్న విద్యార్థి వంటివాడు. ప్రతి మాటకు మార్కులు పడుతవని వణకుతూ తనలోని మంచిని ముందుకు నెట్టి, చెడ్డను వెనుకకు దాచుతాడు. ఒప్పందపు జంటకు ఆ పరీక్ష లేదు. మెప్పించవలసిన పని లేదు కాబట్టి ఆకలి వేస్తే ఆకలి అంటారు. కోపం వస్తే కోపపడతారు. ఒకరి దోషాలు ఒకరు ముందు చూచి, గుణాలు తరువాత చూస్తారు. ప్రేమ చూపని ప్రదేశాలలో మనిషి ఎట్లు ప్రవర్తిస్తాడో చూచి ప్రేమించటం గదా గట్టి ప్రేమ! కిట్టీ ఫ్రెడ్డీని ఎన్నుకొన్నది ఇట్లే.

రెండవది, షరతుల వలన చిన్న పనులకు కలిగే పెద్ద విలువ. చేతులు పట్టుకొనవచ్చునా, ఎంతమంది ఎదుట పట్టుకొనవచ్చును, వారానికి ఎన్నిసార్లు కలిసి కాఫీ త్రాగవలెను అని ముందే నిర్ణయించుకొన్నప్పుడు, నిర్ణయించని ఒక్క చిన్న పని పెద్ద సంఘటన అయి కూర్చుంటుంది. ఎవరూ చూడని చోట కూడ అతడు చేయి విడువలేదు. అంతే, పాఠకుని గుండె ఝల్లుమంటుంది. చూచేవారు లేనప్పుడు నటన దేనికి? అన్నీ త్వరగా అందుబాటులోకి వచ్చిన ఈ కాలంలో ఒక స్పర్శకు, ఒక చూపుకు పోయిన విలువను ఈ షరతులు తిరిగి తెచ్చి ఇస్తున్నవి.

మూడవది, పాఠకునికి పాత్రల కంటె ముందే అంతా తెలియటం. ముగింపు తెలిసిన కథలో రుచి ఏమిటని అడిగేవారికి తెలుగు నాటక రంగమే సమాధానం చెబుతుంది. రాయబారం విఫలమవుతుందని, యుద్ధం తప్పదని ఎరిగిన జనమే తిరుపతి వేంకట కవుల 'పాండవోద్యోగ విజయాలు' చూడటానికి రాత్రులకు రాత్రులు నేలమీద కూర్చున్నారు. ఏమి జరుగునో తెలుసును కాబట్టి ఎట్లు జరుగునో చూడటానికి తీరిక చిక్కినది. ఈ నవలలనూ ఇంగ్లీషు పాఠకులు ముందే కథాసూత్రం తెలిసికొని ఎన్నుకొంటారు. అభిమానులు తమకు నచ్చిన పాత్రలతో అల్లుకొన్న కథలను భద్రపరచే అంతర్జాల భాండాగారాలలో 'బూటకపు అనుబంధం' అన్నదే ఒక శీర్షిక. 'ది లవ్ హైపోథెసిస్' కూడ తొలుత 'స్టార్ వార్స్' పాత్రలతో అల్లిన అటువంటి అభిమాన కథయే.

వీటన్నింటికి అడుగున అలంకారికులు ఎప్పుడో లేవదీసిన ఒక చర్చ దాగి ఉన్నది. రంగస్థలం మీది నటుని చూచి 'ఇతడు రాముడు' అనుకొనే జ్ఞానం ఎటువంటిది అన్న ప్రశ్నకు శ్రీశంకుకుడు చిత్రతురగ న్యాయం చెప్పినాడు. పటంలోని గుర్రాన్ని చూచినవాడు అది నిజమైన గుర్రమనీ అనుకొనడు, కాదనీ అనుకొనడు, సందేహింపడు, పోల్చిచూడడు, గుర్రం అంటాడు, అంతే. బూటకపు జంటను చూచే పాఠకుని స్థితి సరిగా ఇదే. కాకపోతే ఇక్కడ బొమ్మ గీసినవారే బొమ్మను చూచి భ్రమపడటం మొదలు పెడతారు. ఒకనాటికి ఆ గుర్రం పటంలో నుంచి దిగి ఎదుట నిలబడుతుంది.

అప్పుడు అసలు కథ మొదలవుతుంది. అంతవరకు ఒకరితో ఒకరు నిజం చెప్పుకొన్న ఇద్దరూ, ప్రేమ పుట్టిన మరుక్షణం నుంచి దాచటం ఆరంభిస్తారు. ఆలివ్ తన మనసులో ఉన్నది మరొకరని ఆడమ్ భ్రమపడేటట్లు చేస్తుంది. లోకానికి ఇద్దరూ కలిసి చెప్పిన పెద్ద అబద్ధం తేలికగా నడిచిపోయినది. ఒకరికొకరు చెప్పుకొన్న ఈ చిన్న అబద్ధమే బరువై, ఇద్దరినీ ఏడిపించినది. 'నీవు నాకు కావలెను' అని చెప్పటానికి కావలసిన ధైర్యం ముందు, ఊరందరి ఎదుట నటించటానికి కావలసిన ధైర్యం ఏపాటిది?

ఈ కాలానికే ఎందుకు?

పాత విత్తనం నేడు ఇంత ఏపుగా మొలకెత్తటానికి కారణం నేల మారటమే. 2012లో టిండర్ వచ్చిన తరువాత పడమటి దేశాలలో పరిచయం కూడ ప్రకటనల వ్యవహారమైనది. నాలుగు ఫొటోలు, నాలుగు వాక్యాలు. వాటి వెనుక ఉన్న మనిషి ఎవరో తెలియదు. సెలవులకు పోయిన జంటలు, పుట్టినరోజు జరుపుకొన్న జంటలు తమ సంతోషాన్ని చిత్రాలుగా లోకానికి చూపుకొంటారు. ఎక్కడ సంతోషం ముగిసి ఎక్కడ ప్రదర్శన మొదలైనదో వారికే తెలియదు. అందరూ నటిస్తూ, నటిస్తున్నామని ఒప్పుకొనని లోకంలో, 'మనం నటిద్దాం' అని మొదటనే ఒప్పుకొన్న ఇద్దరు మనుషులు పాఠకునికి గొప్ప సత్యవంతులుగా కనబడటంలో ఆశ్చర్యం లేదు.

తెలుగు ఇండ్లకు ఆ ప్రదర్శన కొత్త కాదు. పెళ్ళిచూపులు తరతరాలుగా ఉన్నవి. ఫలహారాల పళ్ళెం పట్టుకొని తలవంచుకొని వచ్చే పిల్ల, ఎన్నడూ లేని మర్యాదతో కూర్చున్న పిల్లవాడు, ఇరువైపుల పెద్దలు—అందరూ కలిసి ఆడే అర్ధగంట నాటకం అది. దాని మీద నూరేళ్ళ జీవితం కడతారు.

కాని తెలుగు విద్యార్థినిని ఈ నవలలు ఆకర్షించటంలో మరొక మర్మం ఉన్నది. అక్కడి కథలలో లేని ప్రేమను ఉన్నట్లు నటించవలసి వస్తుంది. ఇక్కడి జీవితంలో ఉన్న ప్రేమను లేనట్లు నటించవలసి వస్తుంది. ఫోనులో మగపిల్లవాని పేరు ఆడపిల్ల పేరుగా మారుతుంది. మనసిచ్చినవాడు ఇంటికి వస్తే 'మా క్లాసువాడు, నోట్సు కోసం వచ్చినాడు' అవుతాడు. అటువంటి ఇంటిలో పెరిగిన పిల్ల, కథానాయిక ఒక పురుషుని చేయి పట్టుకొని తోబుట్టువు పెళ్ళిపందిట్లోకి నడవటం, తల్లి అతనికి వడ్డించటం, పినతల్లులు పరిహాసమాడటం చదివినప్పుడు ఆమెకు ముచ్చట గొలిపేది ముద్దుముచ్చట్లు మాత్రమే కాదు. తనవాళ్ళందరి ఎదుట, పట్టపగలు, ఒకరిని 'నావాడు' అని చెప్పగలగటం—అదీ ఆమె అందుకోలేని వైభవం.

ఇది తేలికగా నవ్వి కొట్టిపారవేయదగిన విషయం కాదు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకొన్న ఒక యువకుడు గర్భవతియైన భార్య ఎదుట పట్టపగలు నరికి చంపబడినాడు. ఆ కేసులో 2025 మార్చిలో నల్లగొండ న్యాయస్థానం ఒకనికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష విధించినది. నవలలో నిజం చెప్పినందుకు చెల్లించవలసిన వెల కాసింత సిగ్గు, రెండు కన్నీటి చుక్కలు. ఈ గడ్డమీద ఒక్కొక్కప్పుడు ఆ వెల ప్రాణం. అట్టి చోట నిర్భయమైన ప్రేమ కథను పిల్లలు దాచుకొని చదువుతున్నారంటే తప్పు పుస్తకానిదని అనటం కష్టం.

లోపాలు లేకపోలేదు

అంతమాత్రాన ఈ నవలలను తలకెత్తుకొనవలసిన పని లేదు. వీటిలో మోసపోయినవారి బాధ దాదాపు ఎప్పుడూ తేలికగా తీరిపోతుంది. ఆలివ్ అబద్ధమాడినది స్నేహితురాలి మంచికే. అయినను ఆ స్నేహితురాలు నెలల తరబడి తెలివితక్కువదానిగా నిలబడవలసి వచ్చినది. 'నీ మంచికే నీకు అబద్ధం చెప్పినాను' అన్న మాట పెద్దలు పిల్లలతో చాలసార్లు అనేదే; అది వినటానికి ఎంత చేదుగా ఉంటుందో పిల్లలు ఎరుగుదురు.

అధికారంలో హెచ్చుతగ్గులు ఉన్నచోట ఒప్పందం అన్న మాటకు అర్థం పలుచబడుతుంది. 2009 నాటి 'ది ప్రొపోజల్' చిత్రంలో దేశం విడిచి పోవలసిన యజమానురాలు తన క్రింది ఉద్యోగిని పెళ్ళికి ఒప్పించినది బెదిరించి. అది హాస్యంగా చెల్లిపోయినది. అమెరికా చట్టం మాత్రం వలస కోసం చేసే దొంగపెళ్ళికి ఐదేళ్ళ వరకు జైలుశిక్ష విధిస్తుంది. 'ది లవ్ హైపోథెసిస్'లో ఆడమ్ ఆలివ్‌కు మార్గదర్శకుడు కాడని రచయిత్రి జాగ్రత్త పడినది. అంతేగాక, మరొక పేరుపొందిన శాస్త్రజ్ఞుడు ఆలివ్‌ను వేధించి, నీ మాట ఎవరు నమ్ముతారని బెదిరించే ఘట్టాన్ని ఉంచి, విద్యాలయాలలో అధికారం ఎట్లు నోరు నొక్కుతుందో చూపినది. అయినను పుస్తకం మూసిన తరువాత పాఠకురాలికి గుర్తుండేది ఆచార్యుని వలపు. చదువు చెప్పేవానికీ చదువుకొనేవారికీ నడుమ ఉండవలసిన దూరం నవలలో కరిగినంత తీయగా జీవితంలో కరగదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2015లో లైంగిక వేధింపుల నివారణకు ప్రత్యేక నియమావళి చేయవలసి వచ్చినదంటే ఆ దూరం దాటినప్పుడు నష్టపోయేది ఎవరో తెలుస్తూనే ఉన్నది.

వ్యాపారం వలన కలిగే చేటు మరొకటి. సూత్రం పేరు చూచి కొనే పాఠకులు ఉన్నారని తెలిసిన తరువాత, సూత్రం చూచి వ్రాసే రచయితలు పెరుగుతారు. అచ్చు ఒకటే, పోతపోసిన బొమ్మలు వంద. వాటిలో కొన్నింటికే ప్రాణం ఉంటుంది.

బల్లమీద పెట్టిన పుస్తకం

ఇంతకూ ఉపాధ్యాయుడు లాగికొని బల్లమీద పెట్టిన పుస్తకం సంగతి ఏమి కావలెను? తిట్టి తిరిగి ఇస్తే అది మరింత లోపలి అరలోకి పోతుంది. చదివి తిరిగి ఇస్తే మాట మొదలవుతుంది. 'ఈ కథలో మోసపోయిన స్నేహితురాలి చోట నీవు ఉంటే ఏమందువు? వీరిద్దరూ నటించవలసిన అగత్యం ఎవరు కల్పించినారు?' ఈ రెండు ప్రశ్నలు చాలును. మొదటిది విద్యార్థికి ఎదుటివారి బాధను చూపుతుంది. రెండవది తన చుట్టూ ఉన్న సంఘాన్ని చూపుతుంది. 'కన్యాశుల్కం' పాఠం చెప్పేటప్పుడు మహేశం ఆడవేషం గూర్చి అడగదగిన ప్రశ్నలూ ఇవే. పాఠ్యగ్రంథానికీ సంచిలోని నవలకూ నడుమ ఇంత దగ్గర దారి ఉన్నదని పిల్లలకు చెప్పగలిగినవారు ఉపాధ్యాయులే.

'మిస్సమ్మ'లోని ఆ ఇద్దరూ బడిపంతుళ్ళే. జమీందారు వారిలో కోరుకొన్నది జంటను. బడిపిల్లలకు కావలసినది మాత్రం చదువు. అది చెప్పటానికి మేరీకి గాని రావుకు గాని ఏనాడూ వేషం వేయవలసిన అవసరం కలుగలేదు. ఒక మనిషిని ఆ మనిషిగానే లోపలికి రానిచ్చే ఇండ్లు, ఉద్యోగాలు, కుటుంబాలు పెరిగిననాడు బూటకపు జంటల కథలు వట్టి నవ్వు కోసమే చదువుకొనే కథలుగా మిగులుతవి. అందాక వాటిని చదివి నవ్వే పిల్లల నవ్వులో కొంత దిగులు కూడ కలిసి ఉంటుంది.